సిరా చెదిరిన చోటు

పురసవాక్కం,
మద్రాసు అనే చెన్నై,
12 జూన్ 1997

చిరంజీవి పొన్నమ్మకు నీ వొదిన పుష్పవల్లి దీవించి రాసేది.

ముందే చెబుతున్నాను, ఈడ ఎవరికీ ఏమీ కాలేదు. కవరుకు నాలుగు మూలలా పసుపు పెట్టాను, చూసుకో. పోయిన ఏడాది ఊరి పేరు మార్చినప్పటి నుంచి నా జాబులు నీకు చేరుతున్నాయో లేదో అని ఒకటే గుబులు. అందుకే పైన రెండు పేర్లూ రాశాను. ఒకటి కాకపోతే ఒకటైనా తపాలావాళ్ళకు తెలియకపోతుందా.

మీ అన్న బాగున్నాడు. చెవుడు ఇంకొంచెం ముదిరింది. ఆయన నీకు ఇచ్చిన ఆవు మల్లి పాలిస్తా ఉందా? 'పొన్నమ్మ ఎట్లుంది' అని అడగడు ఆదికేశవులు నాయుడు. 'ఆవెట్లుంది' అని అడుగుతాడు. రోజూ అడుగుతాడు.

ఇంక అసలు సంగతి. నా కోడలు శ్రీప్రియ నర్సుగా ఉండే ఆస్పత్రిలో ఆడవాళ్ళకు రొమ్ము పరీక్ష చేస్తున్నారు. నలభై దాటినవాళ్ళంతా రావాలంట. నాకు అరవై నాలుగు. నాకేమీ లేదే అన్నాను. ఏమీ లేనప్పుడే పోవాలంట, ఉన్నాక పోతే ఆలస్యమంట. ఇదేం విడ్డూరమమ్మా, ఆకలి లేనప్పుడు వచ్చి ఆకు ముందర కూర్చోమన్నట్టు! అన్నాను. దానికి శ్రీప్రియ ఏమన్నదో తెలుసా? 'పాప్పాత్తి పెద్దత్త సంగతి మరిచిపోయినారా అత్తా?' అన్నది.

ఎట్లా మరిచిపోతాను? మీ అక్క రెండేళ్ళు ఆ గడ్డను పైట కింద దాచుకుంది మహాతల్లి. చూపించే సరికి డాక్టరు తల అడ్డంగా ఊపి 'ముందే వచ్చుంటే' అన్నాడు. ఆ మాట నా చెవిలో గూడు కట్టుకుంది. అన్నం వడ్డిస్తుంటే వినబడుతుంది, ముగ్గు వేస్తుంటే వినబడుతుంది.

శ్రీప్రియ ఇంకొకటి చెప్పింది. పాప్పాత్తక్క నాకు వరసకే. నీకు తోడబుట్టింది. తోడబుట్టినవాళ్ళు ఇంకా ముందు చూపించుకోవాలంట. కాబట్టి బయలుదేరి రా. ఇద్దరం కలిసి పోదాం. నాకు ఒక్కదానికే భయం.

నీ వొదిన,
పుష్పవల్లి

*

పళ్ళిపట్టు,
21 జూన్ 1997

వొదిన పుష్పవల్లికి పొన్నమ్మ దణ్ణం పెట్టి రాయించేది.

నాకు అక్షరం ముక్క రాదు. జాబు వస్తే పోస్టుమేను కాటయ్యే చదువుతాడు, జవాబూ ఆయనే రాస్తాడు. ఇది నీకు ముప్పై ఏళ్ళుగా తెలుసు. తెలిసీ అట్లా రాస్తావా? అరుగు మీద ఆరుగురు కూర్చోనుండారు. కాటయ్య గొంతెత్తి చదువుతా ఉన్నాడు. 'ఆస్పత్రిలో ఆడవాళ్ళకు' అన్నాడు. ఆగాడు. కళ్ళద్దాలు తీశాడు, తుడిచాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. 'ఇక్కడ సిరా చెదిరిపోయిందమ్మా. పరీక్ష అని మాత్రం తెలుస్తా ఉంది' అన్నాడు. పక్కింటి కన్నియప్పన్ ఊరుకుంటాడా? 'ఆడోళ్ళకు ఏం పరీక్షయ్యా, లైసెన్సు పరీక్షా?' అన్నాడు. నాకు అరుగు చీలి లోపలికి పోదామనిపించింది.

ఇకమీదట ఆ మాట రాయాల్సి వస్తే 'సిరా చెదిరిన చోటు' అని రాయి. నాకు తెలుస్తుంది. కాటయ్యకూ నోరు ఎండిపోకుండా ఉంటుంది.

నేను రాను. నాకేం, గుండ్రాయి మాదిరి ఉండా. ఇడ్లీల వ్యాపారం ఎవరు చూస్తారు? నువ్వు మాత్రం పో. పోకపోతే ఆ దిగులుతోనే సగమైపోతావు. నిన్న తిరుత్తణి కొండెక్కి నీ పేర అర్చన చేయించాను. విభూతి పొట్లం ఇందులో పెట్టాను. పరీక్షకు పొయ్యేటప్పుడు పూసుకో. నుదుటికి కాదు. సిరా చెదిరిన చోట.

మల్లి బాగుందని అన్నకు చెప్పు.

ఇట్లు పొన్నమ్మ వేలిముద్ర

రాసినవాడు కాటయ్య: అమ్మా, చెప్పింది చెప్పినట్టు రాయడమే నా పని. ఒక్క ముక్క కలపను, ఒక్క ముక్క తియ్యను. సిరా నిజంగా చెదరలేదు. మన్నించండి.

*

పురసవాక్కం,
మద్రాసు అనే చెన్నై,
9 జూలై 1997

చిరంజీవి పొన్నమ్మకు వొదిన రాసేది.

అయిపోయింది. బతికే ఉన్నాను.

నిన్న మంగళవారం మూడున్నరకు రమ్మన్నారు. మంగళవారం మూడు నుంచి నాలుగున్నర రాహుకాలమని ఆ ఆస్పత్రివాళ్ళకు చెప్పేవాళ్ళు లేరు కాబోలు. మీ అన్నా నేనూ నాలుగున్నర దాకా మెట్ల మీదే కూర్చున్నాం. లోపల నా పేరు మూడుసార్లు పిలిచారంట. మీ అన్నకు వినబడలేదు. నేను విననట్టు కూర్చున్నాను.

శ్రీప్రియ ముందురోజే చెప్పింది. 'అత్తా, పౌడరు పూసుకోవద్దు, సెంటు వద్దు, పసుపు కూడా వద్దు. స్నానం చేసి అట్లే రండి' అని. నేను ఆ డబ్బాల దిక్కే చూడలేదు. నీ విభూతి మాత్రం దండిగా పూసుకున్నాను. సిరా చెదిరిన చోట రెండు పక్కలా, కిందా పైనా, చంకల దాకా. విభూతి పౌడరు కాదు కదా, స్వామి ప్రసాదం.

లోపల లూర్దుమేరి అని ఒక పిల్ల. 'రవికె తియ్యి పాటీ' అన్నది, అవ్వా, కాఫీ తాగు అన్నంత సులువుగా. నలభై ఏడేళ్ళ కాపురంలో పగటిపూట నేను రవికె తీసింది లేదు. సరే, గోడ వైపు తిరిగి తీశాను. తాళి కూడా తియ్యమన్నది. 'ఆయన బయట బెంచీ మీద బతికి కూర్చోనుండాడమ్మా!' అన్నాను. ఆ పిల్ల నవ్వి, తాళిని వెనక్కు తిప్పి వీపు మీద వేసింది. బళ్ళోకి పొయ్యే పిల్ల సంచి తగిలించుకున్నట్టు నిలబడ్డాను.

మిషనంటే ఏమనుకున్నావు, పూరీలు ఒత్తే చెక్క. కింద ఒక పలక, పైన ఒక పలక. మధ్యలో సిరా చెదిరిన చోటు పెట్టి ఒత్తుతారు. 'ఊపిరి బిగబట్టు పాటీ' అన్నది. బిగబట్టాను. విడువు అన్నదంట, భయంలో నాకు వినబడలేదు. నేను విడవలేదు. కళ్ళు బైర్లు కమ్మాయి. ఆ పిల్ల పరుగెత్తుకొచ్చి వీపు మీద చరిచింది. తాళి గుచ్చుకుంది.

ఇదంతా ఒక ఎత్తు. బయటికి వస్తే హాలు నిండా జనం. మీ అన్న నన్ను చూసి, చెవిటివాళ్ళ గొంతు సంగతి తెలుసు కదా, 'ఏమే, రెండూ ఒత్తినారా, ఒకటేనా?' అని అడిగాడు. ఫ్యాన్లు కూడా ఒక్క క్షణం ఆగినట్టు అనిపించింది. అక్కడి నుంచి ఆటో ఎక్కేదాకా నేను ఆయన పెళ్ళాన్ని కానట్టు పది అడుగులు ముందు నడిచాను.

పొన్నమ్మా, ఒక్క మాట నిజం చెబుతాను. నొప్పి ఉంది. తలుపు సందులో వేలు పడినంత కూడా లేదు. నాలుగు ఒత్తులు, అంతే. నేనే ఓర్చుకున్నానంటే నువ్వు ఆవులిస్తా ఓర్చుకుంటావు. ఎప్పుడు వస్తావు?

నీ వొదిన

*

పురసవాక్కం,
మద్రాసు,
18 జూలై 1997

పొన్నమ్మా,

నీ జవాబు రాకముందే మళ్ళీ రాస్తున్నాను. ఆస్పత్రి నుంచి కార్డు వచ్చింది. ఫొటోలో సన్నని తెల్ల చుక్కలు కనబడుతున్నాయంట. ఇరవై నాలుగున మళ్ళీ రావాలంట.

శ్రీప్రియ నవ్వుతుంది. అట్లా మళ్ళీ పిలిచినవాళ్ళలో చానామందికి ఏమీ ఉండదంట, పదిమందిలో తొమ్మిదిమంది నవ్వుతా ఇంటికి పోతారంట. మరి ఆ పదో మనిషి ఎవరు? ఎవరో ఒకరు ఉండాలి కదా. ఇంత మద్రాసులో ఆ పదో మనిషిని నేనే. నాకు తెలుసు.

అందుకే ఇప్పుడే రాసి పెడుతున్నాను. ఇడ్లీలు ఉడికించే పెద్ద గుండాన్ నీకు. నీ వ్యాపారానికి పనికొస్తుంది. ఆవాల రంగు కంచి పట్టుచీర కూడా నీకే. నువ్వు నా కొడుకు పెళ్ళిలో దాన్ని మూడుసార్లు తడిమి చూశావు, నేను గమనించాను. కొంగు దగ్గర వేలెడు చిరుగు ఉంది, లోపలికి మడిచి కట్టుకో. మీ అన్నకు రసంలో ఇంగువ ఎక్కువ వెయ్యాలి. ఈ సంగతి శ్రీప్రియకు రెండుసార్లు చెప్పాను, రాసుకోలేదు.

చెవి మిషను పెట్టుకోమంటే ఆయన పెట్టుకోడు. నేను పోయాక ఆయన చెవిలో అరిచేది ఎవరే?

నీ వొదిన

*

పళ్ళిపట్టు,
26 జూలై 1997

వొదినకు పొన్నమ్మ రాయించేది.

రెండు జాబులూ చదివించుకున్నాను. మొదటి జాబు రోజు అరుగు మీద తొమ్మిదిమంది. సిరా చెదిరిన చోటు పలకల మధ్య పెట్టి ఒత్తారన్న కాడ కన్నియప్పన్ 'అయ్యో, జాబును అట్లా ఒత్తితే సిరా చెదరదా మరి' అన్నాడు. కాటయ్యకు దగ్గొచ్చింది.

రెండో జాబు నేను ఒక్కదాన్నే విన్నాను. నువ్వు పదో మనిషివి కావు. నీ అంత దిగులు పెట్టుకున్నవాళ్ళను యముడు కూడా తీసుకుపోడు, దారంతా ఎవరు వింటారని. చీర బీరువాలోనే పెట్టు.

ఇంకొక సంగతి. మల్లికి ఒంట్లో బాగాలేదు. ఎడమ పక్క పొదుగులో ఒక గడ్డ. చింతగింజంత ఉంటుంది. నొప్పి లేదు. తాకితే గట్టిగా తగులుతుంది. ఉగాదికి ముందు నుంచి ఉంది. పోతుందిలే అని చూశాను, పోలేదు. ఈడ పశువుల డాక్టరు మగవాడు. ఆవు సిగ్గుపడుతుంది. మీ ఆస్పత్రిలో డాక్టరమ్మ ఉంటే ఆమెను అడుగు. ఆవుకని చెప్పు. ఊరికే అడుగుతున్నా.

ఇట్లు పొన్నమ్మ వేలిముద్ర

*

పురసవాక్కం,
మద్రాసు అనే చెన్నై,
2 ఆగస్టు 1997

చిరంజీవి పొన్నమ్మకు, నీ వల్ల పది రోజులు అన్నం సయించని నీ వొదిన రాసేది.

నాకేమీ లేదు! ఎల్లమ్మ తల్లికి పొంగలి పెట్టాను. జరిగింది విను.

ఇరవై నాలుగున మళ్ళీ పోయాను. ఈసారి విభూతి ఇంకా దట్టంగా పూసుకున్నాను, ఆపద పెద్దదయ్యింది కదా. నేను రవికె తియ్యగానే లూర్దుమేరి ఒక అడుగు వెనక్కు వేసింది. 'పాటీ, ఇదేంది?' అన్నది. 'తిరుత్తణి విభూతి' అన్నాను. 'పోయినసారి కూడా పూసుకున్నావా?' అన్నది. 'పూసుకోకుండా ఎట్లా వస్తానమ్మా? అప్పుడు చెమటకు కలిసిపోయి నీకు కనబడలేదు' అన్నాను. ఆ పిల్ల గోడకు ఆనుకుని కిందికి జారిపోయింది, నవ్వి నవ్వి. తడి దూదితో తుడిస్తే దూదంతా బూడిద. మూడు దూది ఉండలు నల్లబడ్డాయి. తరవాత మళ్ళీ ఒత్తి ఫొటో తీసింది. ఒక్క చుక్క లేదు.

డాక్టరమ్మ సీతాలక్ష్మి నాకు రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూపించింది. 'ఈ చుక్కలు చూసి నేను రెండు రోజులు ఆలోచించాను తల్లీ. పౌడరు వద్దన్నది ఇందుకే. పౌడరైనా, విభూతైనా ఫొటోకు ఒకటే. గడ్డ మొదలయ్యే ముందు వచ్చే చుక్కలు కూడా ఇట్లాగే ఉంటాయి' అన్నది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. శ్రీప్రియ ఇప్పుడు ఆస్పత్రి గోడ మీద కొత్త కాగితం అంటించింది. పౌడరు, సెంటు, పసుపు, విభూతి అని నాలుగూ రాసింది. విభూతి కింద రెండు గీతలు. ఆ రెండు గీతలు నావీ నీవీ.

చీర సంగతి మరిచిపో. ఇడ్లీ గుండాన్ కూడా.

ఇంక మల్లి సంగతి. మీ అన్నకు చెవిలో అరిచి చెప్పాను. అప్పుడే చొక్కా తొడుక్కుని వేపేరి పశువుల ఆస్పత్రికి నడిచిపోయాడు. ఆడ డాక్టరు అడిగాడంట, 'ఆవుకు చన్నులు నాలుగు కదా. ఎడమ పక్క అంటే ముందుదా, వెనకదా?' అని. మీ అన్న తెల్లమొహం వేశాడు. ఎన్నో ఈత? పాలలో నెత్తురు పడుతుందా? మేత తింటుందా? అన్నీ సరిగ్గా కనుక్కుని రాయి. ఆయన నిన్నటి నుంచి ఆ ఆవు మీద బెంగతో రెండు ఇడ్లీలకు మించి తినడం లేదు. నాకు తెల్ల చుక్కలు వచ్చినప్పుడు ఆరు తిన్నాడు.

నీ వొదిన

*

పళ్ళిపట్టు,
12 ఆగస్టు 1997

వొదినకు పొన్నమ్మ రాయించేది.

నీకేమీ లేదని విని సంతోషం. విభూతికి నన్ను తిట్టబోకు, నేను పెట్టింది భక్తి.

ఆవు సంగతి అడిగావు. ముందూ వెనకా లేదు. ఎడమ పక్క, అంతే. పాలు లేవు. మేత తింటా ఉంది కానీ రుచి తెలియడం లేదు. చింతగింజ ఇప్పుడు కొంచెం పెద్దదయినట్టు ఉంది, లేకపోతే ఆవుకు అట్లా అనిపిస్తా ఉందో ఏమో. పొద్దున పిండి రుబ్బేటప్పుడు ఆవు చెయ్యి దాని మీదికే పోతుంది.

వొదినా, ఆవుకు పాప్పాత్తక్క గుర్తొస్తా ఉంది.

డాక్టరమ్మను అడగొద్దులే. అడిగితే రమ్మంటుంది. రమ్మంటే కోస్తారు. ఆవును అట్లే ఉండనీ.

ఇట్లు పొన్నమ్మ వేలిముద్ర

రాసినవాడు కాటయ్య: అమ్మా, ముప్పై ఏళ్ళలో ఒక్క ముక్క కలపలేదు. ఈరోజు కలుపుతున్నాను. ఈమెకు తెలియదు, వేలిముద్ర వేసి లోపలికి పోయింది. ఆ ఆవును పోయిన ఏడాది ఆడి నెలలో, ఆషాఢంలోనే, అమ్మేసింది. వంగి పాలు పిండలేక అమ్మింది. అన్న ఇచ్చిన ఆవు అని మీకు చెప్పలేకపోయింది. పళ్ళిపట్టులో ఈమె ఇంట్లో ఇప్పుడు ఆవు లేదు. ఇంతకు మించి రాయడం నా పని కాదు.

*

పురసవాక్కం,
18 ఆగస్టు 1997

కాటయ్యకు పుష్పవల్లి రాసేది. ఈ చీటీ నీకు మాత్రమే, చదివి వినిపించవద్దు.

నాయనా, నీ చివరి నాలుగు ముక్కలు చదివి వంటింట్లో నేల మీదే కూర్చుండిపోయాను. లేని ఆవుకు గడ్డ ఎట్లా వస్తుంది? ఆ గడ్డ మా పొన్నమ్మది. నేను రోజంతా ఊరికే దిగులు పడే మనిషిని. ఆకాశం మబ్బు పట్టినా దిగులే, పట్టకపోయినా దిగులే. తీరా దిగులు పడాల్సిన చోట ఆవును వెతుక్కుంటూ వేపేరికి మనిషిని పంపించాను. వెళ్ళి తీసుకొద్దామంటే నన్ను చూసి పెరటి వాకిలి గుండా పారిపోతుంది, నాకు తెలుసు. అది మొండిది. సిగ్గు విడవదు. కాబట్టి ఆవు అనే ఉండనిద్దాం. దీనితో పాటు ఉన్న జాబును గొంతెత్తి చదువు.

*

చిరంజీవి పొన్నమ్మకు వొదిన రాసేది.

ఆవు గురించి డాక్టరమ్మతో మాట్లాడాను. తీసుకొచ్చేయమన్నది. కాటయ్యా, అరుగు మీద ఎంతమంది ఉన్నా సరే గట్టిగా చదువు. పశువు గురించే కదా, సిగ్గెందుకు?

సోమవారం పొద్దున ఆవు బయలుదేరాలి. తిరుత్తణి దాకా బస్సు, ఆడి నుంచి రైలు. సెంట్రల్ స్టేషనులో నేనుంటాను. ఆవు ఒంటికి పౌడరు, పసుపు పూయరాదు. విభూతి అసలే పూయరాదు. ఆవు తన రవికెల్లో ముందు వైపు హుక్కులున్నవి నాలుగు తెచ్చుకోవాలి. ఇడ్లీ వ్యాపారాన్ని ఆవు పది రోజులు మూసి పెట్టాలి.

ఆవుకు చెప్పు. ఆ మిషను నేను రెండుసార్లు చూసి వచ్చాను, కొరకదు. ఫొటో తరవాత సూదితో కొంచెం తీసి చూస్తారంట. ఆ గది వాకిట నేను కూర్చునే ఉంటాను. మీ అన్నను ఇంట్లో పెట్టి తాళం వేసి వస్తాను.

కొయ్యాల్సి వస్తే కోస్తారు. పాప్పాత్తక్కకు కొయ్యలేదు, కొయ్యడానికి వేళ మించిపోయింది. ఆవుకు ఈ మాట రెండుసార్లు చదివి వినిపించు. ఆవు ఏడిస్తే ఏడవనీ. ఏడ్చి బయలుదేరమను.

ఇంత చెప్పినా ఆవు మొండికేస్తే, కాటయ్యా, మెడకు తాడు వేసి అయినా బస్సెక్కించు.

ఆవు వొదిన,
పుష్పవల్లి

*

పోస్టు కార్డు
పళ్ళిపట్టు,
25 ఆగస్టు 1997

పుష్పవల్లమ్మ గారికి కాటయ్య నమస్కారాలు.

ఈ కార్డు చేరేలోగా ఆవు మీ ఇంట్లో ఉంటుంది. అయినా రాయడం నా అలవాటు. శనివారం జాబు చదివినప్పుడు అరుగు మీద పద్నాలుగు మంది. ఆవు రవికెల దగ్గర కూడా ఎవరూ నవ్వలేదు. కన్నియప్పన్ లేచి నిలబడి విన్నాడు. రెండోసారి చదవమన్నచోట రెండోసారి చదివాను. ఆవు పైట నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది.

ఈ పొద్దున తాడు అవసరం రాలేదు. తనే ముందు నడిచింది. ఆరు గంటల బస్సులో ఆవుకు కిటికీ పక్కన సీటు పట్టించాను. పులిహోర పొట్లం కన్నియప్పన్ పెళ్ళాం ఇచ్చింది.

*

పురసవాక్కం,
మద్రాసు అనే చెన్నై,
20 సెప్టెంబరు 1997

కాటయ్యకు పుష్పవల్లి దీవించి రాసేది.

నువ్వు కార్డు మీద కార్డు వేస్తున్నావు, నాకు జవాబు రాయడానికి చెయ్యి ఖాళీ లేదు. ఈడ నా దిగులంతా ఇప్పుడు కూర్చోబెట్టి అన్నం పెట్టాల్సిన దిగులైంది.

ఫొటో తీశారు. సూది వేశారు. అదే అన్నారు. ఆరోజు డాక్టరమ్మ ముందర నేను బోరుమని ఏడుస్తుంటే మీ ఆవు నన్ను ఓదార్చింది. 'ఊరుకో వొదినా, రోగం నాది' అన్నది. ఎనిమిదో తేదీన ఆపరేషను చేశారు. నాలుగు గంటలు నేను వాకిట కూర్చుని వంద గోవిందలు లెక్క పెట్టాను, అరవై దగ్గర తప్పి మళ్ళీ మొదలుపెట్టాను, మళ్ళీ తప్పాను.

నిన్న డాక్టరమ్మ పరీక్ష కాగితం చూసి చెప్పింది. చింతగింజ ఒంటరిదేనంట. చంకలోకి పాకలేదంట. దాన్నీ, దాని చుట్టూ కొంచెమూ తీసేశారు, మిగతాది నిలిచింది. చివర ఆమె ఏమన్నదో నీకు ఉన్నదున్నట్టు రాస్తున్నాను. 'మంచి పని చేశారు. ముందే వచ్చారు' అన్నది.

ముందే వచ్చారు, అన్నది కాటయ్యా. మూడేళ్ళుగా నా చెవిలో గూడు కట్టుకున్న మాట నిన్న లేచిపోయింది.

ఇంక ఆరు వారాలు కరెంటు వైద్యం. రోజూ పోవాలి. ఆడ బెంచీ మీద చానాసేపు కూర్చోవాలి. శ్రీప్రియ ఒక పలక కొనిచ్చింది, ఆస్పత్రిలో ఉన్నప్పటి నుంచే మీ ఆవు అఆలు దిద్దుతా ఉంది. అరవై ఏళ్ళ మనిషి 'ణ' దగ్గర కూర్చుని పలకను తిడుతుంటే లూర్దుమేరి పని వదిలి వచ్చి చూస్తుంది.

ఆవును అమ్మిన సంగతి మా ఆయన చెవిలో అరిచాను. వినబడలేదన్నాడు. ఇంకా గట్టిగా అరిచాను, మేడమీదివాళ్ళు కిందికి దిగి వచ్చారు. ఆయనకు మాత్రం వినబడలేదు. మల్లెట్లుంది అని చెల్లెల్నే అడుగుతున్నాడు. వినబడకూడదని ఆయన అనుకుంటే నేనేం చేసేది?

పుష్పవల్లి

*

పళ్ళిపట్టు,
1 అక్టోబరు 1997

పుష్పవల్లమ్మ గారికి కాటయ్య నమస్కారాలు.

మీ జాబును ఎవరూ అడగకుండానే అరుగు మీద చదివాను. 'ముందే వచ్చారు' అన్నచోట కన్నియప్పన్ 'ఇంకొకసారి చదువు' అన్నాడు. నాలుగుసార్లు చదివించాడు.

నేను ఎక్కడ జాబు ఇవ్వడానికి పోయినా 'ఆవు క్షేమమా?' అని అడుగుతున్నారు. పాలవాడు అడిగాడు, హెడ్మాస్టరు అడిగాడు, బస్సు కండక్టరు బస్సు ఆపి అడిగాడు. ఏ ఆవు అని మాత్రం ఇంతవరకూ ఒక్కరూ అడగలేదమ్మా.

పోయిన బుధవారం ముగ్గురు ఆడవాళ్ళు ఆరు గంటల బస్సెక్కారు. ఎక్కడికమ్మా అంటే తిరుత్తణి ఆస్పత్రిలో ఆవుకు చూపించాలన్నారు. ఆ ముగ్గురిలో ఎవరికీ ఆవు లేదు. ముగ్గురికీ ముందే చెప్పాను, విభూతి పూయొద్దని.

ఆమె అక్షరాలు దిద్దుతోందని రాశారు. సంతోషం. నాకు ఒక జాబు తగ్గుతుంది. అలవాటు తప్పాలంటే కష్టంగా ఉంటుంది, అంతే.

కాటయ్య

*

పళ్ళిపట్టు
19 డిసెంబరు 1997

వొదినా

ఇది నేనే రాస్తా ఉండా. పొద్దున మొదలు పెట్టా. ఇప్పుడు సాయంత్రం. కాటయ్య పక్కన కూర్చోని చూస్తా ఉండాడు. పెన్ను ముట్టనియ్యలేదు.

ఇడ్లీ కొట్టు తెరిచా. చెయ్యి పైకి లేస్తా ఉంది. డాక్టరమ్మ చెప్పినట్టు రోజూ గోడ మీద వేళ్ళను పైకి పాకిస్తా ఉండా. శివరాత్రికి, మాసి నెలలో మళ్ళీ చూపించుకోవాలి కదా. వస్తా. ఎవరూ తాడు వెయ్యక్కర్లేదు. నీకు కూడా వచ్చే ఏడాది ఒత్తాలి. మరిచిపోబోకు. నువ్వు మరవవులే.

తిరిగొచ్చేటప్పుడు నీ ఆవాల రంగు చీర కట్టుకుని వచ్చినా కదా రైల్లో. తిరిగి ఇయ్యను. చిరుగు కుట్టుకున్నా.

ఎడమ రొమ్ము బాగుంది. చూడు, సిరా చెదరలేదు.

అన్న ఆవెట్లుందని అడిగితే చెవిలో గట్టిగా చెప్పు. ఆవు లేదు. నేనుండా.

పొన్నమ్మ